అక్క చెప్పే రంగు

మా బావను వీధిలో అందరూ రంగుల మేస్త్రి అంటారు. ఆ పేరు విని గోడలకు రంగులు వేయించుకుందామని వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఒకాయన షెడ్డులోకి వచ్చి, ఇనుము తరిగే లేత్ మిషన్నీ దాని కింద పోగుపడ్డ ఇనప రజనునీ అటూ ఇటూ చూసి, "బ్రష్షులు ఎక్కడ పెడతారండీ?" అని అడిగాడు. బావ పని గోడలతో కాదు, ఉక్కుతో.

ఉక్కు ముక్కను ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే రాయిలా గట్టిపడుతుంది. గట్టిపడడంతోపాటు గాజులా పెళుసెక్కుతుంది కూడా. ఆ పెళుసు తీసి పదును పెట్టడానికి ముక్కను మెరిసేదాకా రుద్ది, మందపాటి ఇనప పలక మీద పెట్టి, కింద స్టవ్ వెలిగించి మెల్లగా మళ్ళీ వేడి చేయాలి. అప్పుడు దాని ఒంటి మీద రంగులు పాకుతాయి. ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత తేనె రంగు, ఆ తర్వాత వంకాయ రంగు, చివరికి నీలం. ఒక్కో పనికి ఒక్కో రంగు దగ్గర ఆపాలి. ముందే ఆపితే ముక్క పుటుక్కున విరుగుతుంది. ఆలస్యమైతే మెత్తబడి అరిగిపోతుంది. బావ ఆపిన ముక్క విరగదు, అరగదు. ఆ పేరు అలా వచ్చింది.

అయితే ఆయనకు రంగులు సరిగ్గా కనపడవు.

ఈ మాట ఇప్పుడు తేలిగ్గా రాసేశాను గానీ, ముప్ఫై ఒక్క ఏళ్ళు ఇది ముగ్గురి నోళ్ళు దాటలేదు. బావ, మా అక్క, నేను. బొత్తిగా కనపడవని కాదు. పసుపు తెలుస్తుంది, నీలం తెలుస్తుంది. ఎరుపు కలిసిన ప్రతి రంగు దగ్గరా బోల్తా పడతాడు. టమాటా పండిందో లేదో నొక్కి చూస్తేగానీ చెప్పలేడు. వంకాయ రంగూ నీలమూ ఆయనకు ఒకటే. కాలి ఎర్రబడుతున్న ఉక్కు ఆయన కంటికి చాలాసేపు నల్లగానే ఉంటుంది. పుట్టుకతో వచ్చిన లోపం, దానికి మందు లేదు. ఆ మనిషి రంగుల మేస్త్రి ఎలా అయ్యాడంటే, మా అక్క వల్ల అయ్యాడు. కాబట్టి ఇది అక్క గురించి.

మా అక్కకు చిన్నప్పటినుంచీ కళ్ళు వేరు. అమ్మ చిరిగిన బట్ట చూపించి దారం తెమ్మంటే, బట్ట చేత పట్టుకెళ్ళకుండానే వెళ్ళి, సరిగ్గా అదే రంగు దారం తెచ్చేది. నేను బట్ట పట్టుకెళ్ళి కూడా వేరేది తెచ్చేదాన్ని. "పచ్చలో ఎన్ని పచ్చలుంటాయే మొద్దూ," అని నా నెత్తిన మొట్టేది అక్క. ఇద్దరికీ పంచాల్సిన కళ్ళు దేవుడు పెద్దదానికే ఇచ్చేశాడనీ, మిగిలిన నోరంతా చిన్నదానికి ఇచ్చాడనీ అమ్మ నవ్వేది. నేను బట్టలు కుట్టే షాపు పెట్టాక కూడా దారాలు ఎంచేది అక్కే. నా పని కత్తిరించడం, కుట్టడం, వచ్చినవాళ్ళతో వాదించడం.

పెళ్ళైన మూడో నెలలో బావ ఒకరోజు పనినుంచి వచ్చి అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడట. అప్పుడాయన వేరేవాళ్ళ షాపులో లేత్ నడిపే టర్నరు. ఆ వారంలో మూడు ముక్కలు పాడు చేశాడు. నాలుగోది పాడు చేస్తే మళ్ళీ రావద్దన్నారు. అక్క గుచ్చి గుచ్చి అడిగితే, తేనె రంగు ఎక్కడ అయిపోయి వంకాయ రంగు ఎక్కడ మొదలవుతుందో తనకు తెలియదని చెప్పాడు. అక్క ముందు నవ్విందట. "నేను కట్టుకున్న చీర ఏ రంగో చెప్పండి చూద్దాం," అందట. ఆయన చెప్పిన రంగు విన్నాక నవ్వు ఆపేసింది.

మర్నాడు పాడైన ముక్కలు ఇంటికి తెమ్మంది. వంటింట్లో పెనం బోర్లించి, దాని మీద ముక్క పెట్టి, మంట పెట్టి కూర్చుంది. ఏ రంగు దగ్గర తీస్తే ఆకురాయి ఎంత పట్టుతోందో బావ రుద్ది చెప్పేవాడు. ఆ రంగు ఎలా ఉందో ఆమె గుర్తుపెట్టుకునేది. ఆ వారం వాళ్ళింట్లో రొట్టెలన్నీ ఇనుము వాసన వేశాయని అక్క ఇప్పటికీ చెబుతుంది. పది రోజుల్లో లోకంలో ఏ మేస్త్రీ చెప్పనంత ఖచ్చితంగా ఆమెకు ఉక్కు రంగులు వచ్చేశాయి. ఆ షాపు గడప ఆమె ఒక్కసారీ తొక్కలేదు. బావ ముక్కలు ఇంటికి తెచ్చి, వంటింట్లో పదును చూసి, పొద్దున్నే పట్టుకెళ్ళేవాడు. ఇంటి దగ్గర ఓపిగ్గా చేస్తున్నాడని షాపువాళ్ళు మెచ్చుకున్నారు కూడా.

తర్వాత బావ మా వీధిలో సొంత షెడ్డు పెట్టాడు. కొత్త ఏర్పాటు మొదలైంది. మొదటి కాల్పుకు అక్క అక్కర్లేదు. తగినంత కాలిన ఉక్కుకు అయస్కాంతం అతుక్కోదు. బావ కడ్డీకి కట్టిన అయస్కాంతంతో తట్టి చూసి, అతుక్కోవడం మానగానే నూనెలో ముంచేవాడు. రెండో వేడి మాత్రం రోజూ సాయంత్రం నాలుగింటికే. ఆ వేళకు అక్క టీ ఫ్లాస్కు పట్టుకుని వస్తుంది. స్టూలు మీద కూర్చుంటుంది. బావ స్టవ్ వెలిగిస్తాడు. అక్క ఆ మాటా ఈ మాటా చెబుతూ పలకవైపు చూస్తుంటుంది. రంగు రాగానే "టీ చల్లారిపోతోంది" అంటుంది. బావ పట్టకారుతో ముక్క తీసి నీళ్ళలో వేస్తాడు. ఆ తర్వాతే టీ పోసుకోవడం.

వీధి ఊరుకుంటుందా? "మేస్త్రికి టీ రాకపోతే ఇనుముకి పదును రాదు," అని ఒకడు. "పెళ్ళాం ఎదురుగా లేకపోతే ఆయనకు అగ్గిపుల్ల కూడా అంటుకోదు," అని ఇంకొకడు. కొంగు పట్టుకు తిరిగే మొగుడని వెక్కిరించారు. బావ నవ్వి ఊరుకునేవాడు. అక్క మాత్రం ఆ వెక్కిరింతలు విని మురిసిపోయేది. వాళ్ళు అలా నవ్వుకుంటున్నంతకాలం అసలు సంగతి ఎవరికీ తట్టదని ఆమె ధీమా. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు కదా. మా అక్కంత తెలివైన మనిషి ఆ పిల్లిలాగే ఉండిపోయింది.

వాళ్ళకు పిల్లలు కలగలేదు. దాని గురించి అక్క ఎప్పుడూ మాట్లాడలేదు కాబట్టి నేనూ మాట్లాడను. ఆమెకు జ్వరం వస్తే ఆ రోజు షెడ్డులో పదును పని ఉండేది కాదు. మా అమ్మ పోయినప్పుడు మూడోరోజునే నాలుగింటికి ఫ్లాస్కు తీసుకుని బయల్దేరింది. నేను తిట్టాను. "పని ఒప్పుకున్నారే, మాట పోతుంది," అంది. ఆయన మాట పోకుండా చూడడమే ఆమె బతుకు.

రెండేళ్ళ కిందట, వానలు మొదలయ్యే రోజుల్లో, ముదురు నీలం చొక్కా ఒకటి కుట్టడానికి వచ్చింది. దారం తీసిపెట్టమని అక్కతో అన్నాను. ఆమె డబ్బాలో వెతికి ఒక రీలు నా చేతిలో పెట్టింది. ఆకుపచ్చ. నాబోటిదానికి కూడా తెలిసిపోయేంత ఆకుపచ్చ.

"ఏంటక్కా, బావ గాలి నీకూ సోకిందా?" అని నవ్వాను.

అక్క నవ్వలేదు. రీలు తీసుకుని గుమ్మం దగ్గర వెలుతుర్లోకి వెళ్ళి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. వచ్చి మిషను పక్కన కూలబడింది.

"ఎండాకాలం నుంచీ ఇలాగే ఉందే. కంటికి సాలెగూడు పట్టినట్టు. నీలమూ పచ్చా ఒకేలా ఉంటున్నాయి."

కత్తెర కింద పెట్టేశాను. "మరి ముక్కలు? పదును? రోజూ వెళ్ళి కూర్చుంటున్నావు కదా?"

"లెక్కపెడుతున్నాను," అంది. "స్టవ్వు అదే, పలక అదే, మంట అదే. ఏ సైజు ముక్క ఎన్ని అంకెలకు ఏ రంగుకొస్తుందో నాకు తెలియదా? ముప్ఫై ఏళ్ళు చూశాను."

మర్నాడే ఆమెను కంటి ఆసుపత్రికి ఈడ్చుకెళ్ళాను. బావతో పంటి నొప్పి అని చెప్పాం. డాక్టరమ్మ లోపలికంతా చూసి, షుగర్ వల్ల కంటి వెనకాల పొర చెడిపోతోందని చెప్పింది. వెంటనే మొదలుపెడితే ఉన్న చూపు నిలబెట్టొచ్చు, పోయింది మాత్రం తిరిగి రాదు. నెలనెలా కంట్లో సూది మందు, మధ్యమధ్య లేజరు, ఆ రోజుల్లో కంటికి కట్టు, స్టవ్వు దగ్గరికి పోకూడదు. వారంలోగా రమ్మని చీటీ రాసిచ్చింది.

బయటికి రాగానే అక్క ఆ చీటీ నా సంచిలో కుక్కింది. "నీ దగ్గరే ఉంచు. ఇంట్లో వద్దు."

"ఎందుకు వద్దు? బావకు చెప్పేద్దాం పద."

"చెబితే ఆ క్షణమే స్టవ్వు ఆర్పేస్తారు. ఎందుకు ఆర్పావని వీధి అడుగుతుంది. అప్పుడేం చెబుతారు? నాకు రంగులు తెలియవు, ఇన్నాళ్ళూ మా ఆవిడ చెబితే చేశానని చెబుతారా? చచ్చినా చెప్పరు. చెప్పకుండా పని మానేసి ఇంట్లో కూర్చుని కుమిలిపోతారు. చేతిలో ఉన్న పనులు కానివ్వు, తర్వాత చూద్దాం."

నేను గొడవ చేశాను. మా అక్క పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. చివరికి నా చెయ్యి తన తల మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. నా నోటికి జడిసి మా వీధిలో కూరగాయలవాళ్ళు తూకం సరిగ్గా వేస్తారు. అలాంటి నోరు, తెరవాల్సిన ఒక్క చోటా మూసుకుంది. ఎనిమిది నెలలు. నెలకోసారి "ఆసుపత్రికి వెళ్దామా?" అని అడిగేదాన్ని. "ఈ పని అయిపోనీ," అనేది. ఒక పని అయ్యేలోపు ఇంకోటి వచ్చేది. పేరున్న మేస్త్రి కదా మరి.

అప్పుడొచ్చింది పెద్ద షెడ్డాయన పని. వీధి మొదట్లో ఉన్న షెడ్డు ఆయనది. ఆయన దగ్గర ఒక పాతకాలపు లేత్ ఉంది, రెండు మంచాలంత పొడవు. పొడవాటి ఇరుసులు తరగాలంటే చుట్టుపక్కల ఆ మిషను ఒక్కటే దిక్కు. దాన్ని తయారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆ మిషనులో తరిగే పనిముట్టును దానంతటదే ముందుకు నడిపించే కడ్డీ ఒకటుంటుంది. కడ్డీ చివర పిడికిలంత ఉక్కు ముక్క, దానికి ఒకవైపు నాలుగు పళ్ళు. పిడి లాగితే ఆ నాలుగు పళ్ళూ ఎదుటి నాలుగు పళ్ళలో దూరి పట్టుకుంటాయి, మిషను నడుస్తుంది. పని చేసేవాళ్ళు దాన్ని డాగ్ అంటారు. ఆ డాగ్‌కు రెండు పళ్ళు ఊడిపోయాయి. పెద్ద కొలిములున్న కంపెనీలు ఒక్క ముక్క కోసం మంట పెట్టవు. అందుకని పెద్ద షెడ్డాయన బావ దగ్గరికి వచ్చాడు.

"మేస్త్రీ, మా కుక్కకు పళ్ళు కట్టాలి," అన్నాడు.

"కరవకుండా ఉంటుందా?" అన్నాడు బావ.

"కరవాలనే కదయ్యా కట్టమంటోంది."

బావ నాలుగు రోజులు దాని మీదే కూర్చున్నాడు. మంచి ఉక్కు తెచ్చి, గుండ్రంగా తరిగి, పళ్ళు కోసి, ఒక్కో పంటి పక్కా ఆకురాయితో రుద్ది, పాత ముక్కతో కలిపి చూసి, మళ్ళీ రుద్దాడు. అలా చేస్తున్నప్పుడు ఆయన పక్కన పిడుగు పడినా వినపడదు. నేను వెళ్ళి పిలిస్తే, "మరదలా, ఈ పన్ను చూడు, వేలు పెట్టి చూడు," అని చిన్నపిల్లాడిలా చూపించాడు. ఆయన చేతుల్లో ఉన్న పనితనం మాత్రం ఎవరూ అరువిచ్చింది కాదు. అది నేను ఎక్కడైనా చెబుతాను.

అయిదో రోజు కాల్చి, నూనెలో ముంచి, మెరుగు పెట్టి ఉంచాడు. నాలుగింటికి అక్క వెళ్ళింది. ఆమె అంతవరకూ లెక్కపెట్టినవన్నీ సన్న ముక్కలు. ఇంత లావు ముక్క ఆ ఎనిమిది నెలల్లో రాలేదు. అందాజుగా కొన్ని అంకెలు కలిపింది. కలిపింది చాల్లేదు. టీ చల్లారిపోతోందన్నప్పుడు ముక్క ఇంకా ఎండుగడ్డి రంగు దాటలేదు. అది చూడగలిగినవాళ్ళు ఆ షెడ్డులో ఎవరూ లేరు.

మిషనులో బిగించిన మూడో రోజున పన్ను విరిగింది. పెద్ద షెడ్డాయన విరిగిన ముక్కను కాగితంలో చుట్టుకుని తనే వచ్చాడు. కోప్పడలేదు. "ఉక్కులో తేడా ఉందేమో మేస్త్రీ," అన్నాడు. బావ విరిగిన చోటు భూతద్దంతో చూశాడు. ఉక్కులో తేడా లేదు, కాల్చడంలోనూ లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆయన చేసిన ముక్క ఇలా తిరిగి రావడం అదే మొదలు. ఆ రోజు ఇంట్లో అక్కతో "కొంచెం తొందరపడ్డావేమో," అని మాత్రం అన్నాడట.

ఆ ఒక్క మాటకు అక్క నా షాపుకొచ్చి, తెర వెనక కూర్చుని, కుట్టడానికొచ్చిన ఎవరిదో బట్టలో మొహం పెట్టుకుని ఏడ్చింది. "నా వల్లే ఆయన పేరు పోయిందే."

"పేరు సంగతి దేవుడెరుగు, కళ్ళు పోతున్నాయి. ఇవాళే చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెబుతా."

"ఈ ఒక్కటీ కానీ. ఈసారి ఇంకో నూరు కలుపుతాను. ఇది నిలబడితే ఆ రోజే నేనే చెప్పేస్తాను, నీ మీద ఒట్టు."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నేనూ ఊరుకున్నాను. నన్ను చెప్పుతో కొట్టినా పాపం లేదు.

రెండో డాగ్ తయారైన రోజున బావ పని చొక్కాకు గుండీలు కుట్టి తీసుకెళ్ళాను. సాయంత్రం నాలుగు. పెద్ద షెడ్డాయన కూడా వచ్చి నిలబడి ఉన్నాడు, ముక్క పట్టుకెళ్దామని. అక్క స్టూలు మీద ఉంది. బావ స్టవ్ వెలిగించి, పట్టకారు పట్టుకుని, పలకవైపు కాకుండా అలవాటుగా అక్కవైపు చూస్తూ నిలబడ్డాడు. వేడెక్కిన నూనె వాసన. అక్క పెదవులు కదులుతున్నాయి. నేను గుమ్మం దగ్గర ఉన్నాను, నాకక్కడినుంచి పలక కనపడదు.

"మేస్త్రీ, నీలం వచ్చేసింది కదయ్యా!" అన్నాడు పెద్ద షెడ్డాయన.

బావ ఉలిక్కిపడి అక్కను చూశాడు. అక్క ఇంకా లెక్కపెడుతూనే ఉంది. ఆయన గబగబా ముక్కను లాగి నీళ్ళలో పడేశాడు. బుస్సుమంది. నాలుగు రోజుల కష్టం.

"కళ్ళు ఎక్కడ పెట్టుకు కూర్చున్నావే?" అని అరిచాడు.

అరిచాక ఏమన్నాడో ఆయనకే తెలిసింది. టీ తెచ్చిన మనిషిని కళ్ళెక్కడ పెట్టుకున్నావని ఎవరైనా అంటారా? ముప్ఫై ఒక్క ఏళ్ళు దాచిన మాట తన నోటితోనే, బయటి మనిషి ముందు అనేశాడు. పెద్ద షెడ్డాయనవైపు తిరగలేక, నీళ్ళ బకెట్టులోకి చూస్తూ ఉండిపోయాడు.

"కనపడలేదండీ," అంది అక్క.

"పొగా?" అన్నాడు బావ మెల్లగా.

"పొగ కాదు. అసలు కనపడడం లేదు. మీ మొహం కూడా మసగ్గానే ఉంది."

పెద్ద షెడ్డాయన ముందుకొచ్చి స్టవ్ ఆర్పేశాడు. ఆయన మంచి మనిషి, ఓదార్చాలనే అన్నాడు. "ఒక్క మాట చెబితే మావాణ్ణి ఎవణ్ణయినా పంపేవాణ్ణి కదా చెల్లెమ్మా. నువ్వు రంగు చెబితే మేస్త్రి పదును పెడతాడని ఈ వీధిలో తెలియనిదెవరికి? మీరే దాచుకుంటున్నారు, మనమెందుకు కెలకాలని ఊరుకున్నాం."

"ఎప్పటినుంచి?" అన్నాడు బావ. ఎవరిని అడిగాడో తెలియదు.

"మొదట్నుంచీ," అన్నాడు పెద్ద షెడ్డాయన.

"పోయిన ఎండాకాలం నుంచీ," అంది అక్క.

అందరికీ తెలుసు. టీ గురించిన ఆ వెక్కిరింతలన్నీ తెలిసే. బావ చిన్నబుచ్చుకుంటాడని ముప్ఫై ఏళ్ళుగా వీధి వీధంతా తెలియనట్టు నటించింది. తెలిసినందువల్ల ఆయనకు ఒక్క పని తగ్గలేదు, పిసరంత మర్యాద తగ్గలేదు. అది వాళ్ళ మంచితనం. ఆ మంచితనం మీద నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. ఒక్క తాగుబోతు వెధవైనా, ఒక్కసారైనా, మొహం మీద అనేసి ఉంటే మా అక్కకు కళ్ళుండేవి.

మర్నాడు పొద్దున్నే ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. నేను దారాల డబ్బా అడుగునుంచి చీటీ తీసుకెళ్ళాను. డాక్టరమ్మ దాని మీద తేదీ చూసి, నావైపు చూసి, ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. పరీక్షలన్నీ అయ్యాక, ఎడమ కన్ను పూర్తిగా పోయిందని, కుడి కంటిలో వెలుతురూ నీడా తెలిసేంత మిగలొచ్చని చెప్పింది. బావ ఆ చీటీని చేతిలోకి తీసుకుని మడతపెట్టి విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. "పంటి నొప్పి అన్నారు," అన్నాడు. అంతే. ఆ రోజు ఆయన నన్ను తిట్టలేదు, ఆ తర్వాతా తిట్టలేదు. ఇంటికెళ్ళాక అక్క కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, చాలాసేపు ఆమె పాదం పట్టుకుని ఉన్నాడు. నేను చూడలేక వచ్చేశాను.

ఇక పదును పని చేయనన్నాడు. పెద్ద షెడ్డాయన పర్లేదన్నాడు. ఒప్పుకోనిది అక్కే. "ఒప్పుకున్న పని. ఆ మిషను ఆగిపోయి ఉంది. మూడోది చేయండి," అంది. కంటికి కట్టుతోనే అంది. ఆమె మాట కాదనే ధైర్యం ఆ ఇంట్లో అప్పుడెవరికీ లేదు. బావ మళ్ళీ ఉక్కు తెచ్చాడు, మళ్ళీ తరిగాడు, మళ్ళీ పళ్ళు కోశాడు. ఈసారి ఏ పన్నూ నాకు చూపించలేదు.

రంగు చెప్పడానికి నేను వెళ్ళాను. పెద్ద షెడ్డాయన మనిషిని పంపుతానన్నా, అక్క నన్నే రమ్మంది. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి నేను పలక దగ్గర నిలబడ్డాను. బావ స్టవ్ వెలిగించాడు.

"ఏం కనపడుతోంది?" అంది అక్క.

"ఏం లేదు, తెల్లగానే ఉంది... ఆ, అడుగున కొంచెం పసుపు. ఎండుగడ్డిలా."

"పళ్ళ దగ్గర?"

"ఇంకా లేదు. ఇప్పుడు పాకుతోంది. తేనెలా అయింది కింద. పైన గడ్డే."

"తొందరపడకు. పళ్ళ కొనలు చూస్తూ ఉండు. తేనె బాగా ముదిరి, అంచున ఎక్కడో వంకాయ తొక్క కనపడినట్టు అనిపిస్తుంది. అనిపించగానే చెప్పు. ఖాయం చేసుకునేదాకా ఆగకు."

నేను చూస్తూ ఉన్నాను. ఎంత అందంగా ఉందో ఎలా చెప్పను? ఇన్నేళ్ళు ఆ వీధిలో ఉండి నేను ఒక్కసారీ దాన్ని చూడలేదు. ఆ తేనె రంగు పంటి మీదికి ఎక్కి, కొన దగ్గర ముదురై, ఒక పక్కన సన్నగా ఎర్రటి ఊదా తళుక్కుమంది. "అక్కా!" అని అరిచాను. బావ తీసేశాడు. నీళ్ళలో బుస్సుమన్నాక ముక్కను తుడిచి, ఆకురాయితో ఒక పంటి పక్కన గీసి చూశాడు. తలూపాడు. తర్వాత దాన్ని అక్క చేతిలో పెట్టాడు. ఆమె నాలుగు పళ్ళనూ వేళ్ళతో తడిమింది. ఆయన తన చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. ఆమెకు కనపడదు కదా అని దాచుకోకుండానే తుడుచుకున్నాడు.

ఆ డాగ్ ఇప్పటికీ పెద్ద షెడ్డాయన మిషనులో తిరుగుతోంది. పన్ను విరగలేదు.

ఆ సాయంత్రం బావ షెడ్డు మూస్తుంటే, నేను అక్కను ఇంటికి నడిపించుకెళ్ళాను. నా భుజం మీద చెయ్యి వేసి నడుస్తోంది. నా కుట్టు షాపు దాటి నాలుగడుగులు వేశామో లేదో, అక్క అంది:

"బాగానే చెప్పావే. ఒక నాలుగు రోజులు చూస్తే నాకంటే బాగా చెప్పేదానివి. అప్పుడే నిన్ను తీసుకెళ్ళి కూర్చోబెట్టుకుని ఉంటే సరిపోయేది."

దెప్పిపొడుపుగా అనలేదు. కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు అంది. ఆ రహస్యం తెలిసిన మూడో మనిషిని నేనే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారంటారు, మేమిద్దరం వెతకను కూడా లేదు. బావ షెడ్డుకూ నా షాపుకూ మధ్య నూట పది అడుగులు. ఆ ఎనిమిది నెలలూ నేను అక్కడే ఉన్నాను, రెండు కళ్ళూ పెట్టుకుని, ఆమె కళ్ళ కోసం ఏడుస్తూ.

"నాకు తోచలేదక్కా," అన్నాను.

"నాకూ తోచలేదు," అంది. కాలు ముందుకు చాపి నేల వెతుక్కుంటూ, "ఇక్కడ మెట్టుందా?" అని అడిగింది.

"ఉంది," అన్నాను. "ఒకటే."